సైలెన్సరుకి మెరిసే బోల్టులు

పోయిన నెల విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దాటాక వెనక సీట్లో పడుకున్న మా అమ్మాయి లేచి "నాన్నా, తలనొప్పిగా ఉంది" అంది. ఎండేమో అనుకుని ఏసీ పెంచాను. మా ఆవిడ మాత్రం "ఏదో పొగ వాసన రావట్లేదూ?" అంటూ అద్దాలు దించేసింది. దించగానే కింద నుంచి ట్రాక్టరు చప్పుడు. రెండు వారాల క్రితం నేను స్వయంగా బాగుచేసిన చప్పుడే అది!

ఇక్కడ చిన్న ఫ్లాష్‌బ్యాకు. మాది పన్నెండేళ్ళ పాత కారు. ఇంజను నుంచి వచ్చే గొట్టం, దాని తరవాతి గొట్టం కలిసే చోట రెండు పలకలు, మధ్యలో గాస్కెట్, అన్నిటినీ కలిపి బిగించే రెండు బోల్టులు ఉంటాయి. అందులో ఒకటి తుప్పుపట్టి విరిగింది. మెకానిక్కు వెల్డింగు కొట్టేద్దామన్నాడు. రోజూ కోడు రాసేవాడికి రెండు బోల్టులు ఓ లెక్కా అనుకుని, వీధి చివర షాపులో తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ రింగున్న లాక్ నట్లు కొనుక్కొచ్చి నేనే బిగించా. స్టెయిన్‌లెస్ కాబట్టి తుప్పు పట్టదు, లాక్ నట్టు కాబట్టి ఊడదు. డిజైన్ రివ్యూలో అయితే వెంటనే పాసయ్యేది.

అద్దాలు దించుకునే ఇంటికి తిరిగొచ్చాం. కింద దూరి చూస్తే (జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరకండి, స్టాండ్లు పెట్టండి) ఒక నట్టులో నైలాన్ ఆనవాలు కూడా లేదు. అది 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అంతే. అక్కడ వేడి వందల డిగ్రీలుంటుంది. నట్టు వదులై గాస్కెట్ నోరు తెరిచింది. వాసన వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసనే ఉండదు. ఇంటర్లో చదివి, ఎంసెట్‌లో రాసి, మర్చిపోయిన సంగతి.

రెండో నట్టుది ఇంకో కథ. తీద్దామంటే రాదు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే మరలు ఒరుసుకుని అతుక్కుపోతాయట. గ్రైండరుతో కోయించాల్సొచ్చింది.

ఈసారి బుద్ధిగా రాణీగంజ్ వెళ్ళాను. కొట్టులో పెద్దాయన ఎన్ని కావాలని అడగలేదు, ఎక్కడికని అడిగాడు. సైలెన్సరుకన్నాను. నా చేతిలో ముక్క చూసి నవ్వాడు. "ఇది పట్టేస్తది సార్. రేపు ఇప్పెటోడు ఏం గావాలె?"

విప్పేవాడి గురించి నేనసలు ఆలోచించలేదు. నా కోడులోనూ అంతేనని మా టీము వాళ్ళంటారు, అది వేరే సంగతి.

ఆయనిచ్చినవి తల మీద 8.8 అని ఉన్న మామూలు నల్ల బోల్టులు. మొదటి 8 అంటే 800 మెగాపాస్కల్స్ లాగినా తెగదని, రెండోది అందులో 80 శాతం దాకా సాగిపోకుండా ఆగుతుందని. నేను కొన్న మెరిసేవాటి మీద ఏ2-70 అని ఉంది, అంటే 700. నట్లేమో నైలాన్ లేకుండా, మూతి కాస్త నొక్కినట్టుండే స్టీలువి. ఇంజనుకే బిగించిన స్టడ్ల మీదకైతే ఇత్తడి నట్లు అడగమన్నాడు. ఇత్తడి మెత్తన, స్టీలుకి తుప్పుతో అతుక్కోదు. మొండికేస్తే నట్టే పాడవుతుంది, స్టడ్డు మిగులుతుంది. స్టడ్డు విరిగిందా, సిలిండర్ హెడ్డు దాకా వెళ్ళాల్సి రావచ్చు.

పాత బోల్టు తీసుకెళ్ళడం మర్చిపోకండి. 10 మిల్లీమీటర్ల బోల్టుల్లోనే 1.25 పిచ్, 1.5 పిచ్ రెండూ దొరుకుతాయి. నట్టు రెండు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుంటే బలం చూపించకండి, అది వేరే వెర్షను.

నల్లవి తుప్పు పడతాయి, నిజమే. అందుకే మరలకి వేడిని తట్టుకునే రాగి పేస్టు పూశాను. మామూలు గ్రీజు అక్కడ కాలిపోతుంది. గాస్కెట్ కూడా కొత్తది వేశాను. రెండు వైపులా కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాను.

వంద కిలోమీటర్లు తిప్పి, పూర్తిగా చల్లారాక మళ్ళీ పానా పెట్టి చూశాను. రెండూ పావు చుట్టు తిరిగాయి.