పెట్టె లోపల పేరు

మా పెద్దనాయన జూలై 1న పుట్టినాడు. మా పల్లెలో సగం మంది జూలై 1నే పుట్టినారు. బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవార్లు వేసిన తేదీ అది.

ఇదే లోకంలో పాత వాల్వు గిటార్ ఆంప్లిఫయర్‌కు పుట్టిన నెల కూడా దొరుకుతుంది. అమెరికాలో ఫెండర్ వాళ్లు పెట్టె లోపల అంటించే వాల్వుల కాగితం మీద రెండు అక్షరాల ముద్ర వేసేవాళ్లు. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 'ఏ' అంటే 1951. 'ఎన్ ఈ' అంటే 1964 మే. ముద్ర చెరిగిపోతే వాల్యూమ్ కంట్రోలు వెనక చూడాల. 1376412 అని ఉంటే 137 సీటీఎస్ కంపెనీ, 64 సంవత్సరం, 12 వారం. అది ఆ కంట్రోలు పుట్టిన వారమే, పెట్టెది కాదు. మొదటి నుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, పెట్టె దానికి ముందుది అయ్యే వీల్లేదు. వాల్వుల తేదీ నమ్మకూడదు, అవి మారుస్తుంటారు. నేను తెలుగు ఎం.ఏ. పిల్లలకు చెప్పేదీ ఇదే: ప్రక్షిప్త పద్యాన్ని పట్టుకొని కావ్యానికి కాలం కట్టొద్దని.

ఏర్పేడు దగ్గర మా పల్లెలో పెద్దనాయనది మైక్‌సెట్. ఇప్పుడు దానికి మా పాటల బృందం గిటార్ తగిలిస్తా ఉంది. లోపల సరుకు అదే: వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కండెన్సర్లు. పని నేర్పింది ఆయనే. ఏళ్ల తరబడి పడుకున్న పెట్టెను నేరుగా కరెంటుకు పెట్టొద్దు, సీరీస్ బల్బుతో లేపాల. గుయ్యిమని రొద వస్తే ముందు ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్లను అనుమానించాల. ప్లగ్గు పీకినా వాటిలో మూడు నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూసి, అప్పుడే చెయ్యి పెట్టాల. స్పీకర్ లేకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇంత తెలిసిన మనిషి సెట్టు తీసుకొని పెళ్లిళ్లకు, తిరణాళ్లకు ఊళ్లోకి పోయేవాడు. పెట్టె అరుగు మీద. ఆయన అరుగు కింద. ఖర్చుల పుస్తకంలో 'మైక్‌సెట్' అని రాసుకునేవాళ్లు. మనిషి పేరు ఉండేది కాదు.

ఫెండర్ ఫ్యాక్టరీ ఫుల్లర్టన్‌లో ఉండేది. 1950ల్లో అక్కడ వైరింగు చేసిన ఆడవాళ్ల పేర్లు పెట్టెల లోపల టేపుముక్కల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. వాళ్లలో మెక్సికన్ మూలాల వాళ్లు చాలామంది. పాత పెట్టెలు సేకరించేవాళ్లు ఆ టేపు ఊడకుండా కాపాడుకుంటారు. ఆ ఆడవాళ్ల కోసమో, పెట్టె ధర కోసమో, పేరైతే మిగిలింది.

పోయిన నెల మా సెట్టు కండెన్సర్లు మార్చినాక, పలక లోపలివైపు పెద్దనాయన పేరు రాసినా. ఏ ఏడు ఏది మార్చినాడో ఆయన్నే అడిగి కింద వరసగా రాసినా.

"ఎవురు జూస్తార్రా లోపల?" అన్నాడు.

"రేపు ఇప్పేవాడు చూస్తాడు పెద్దనాయనా."

మీ వాడల్లో మైక్‌సెట్లు నడిపినవాళ్లు, బాగు చేసినవాళ్లు ఉంటే వాళ్ల పనిముట్ల మీద పేరు రాయండి. వాళ్లను అడిగి, ఏడుతో సహా రాయండి.

జై భీమ్.