నాలుగు గ్లాసుల బీరు, ఒక రేక కల్లు

ఈ వారం బీరు గురించి రాస్త అని చెప్పంగనే ఒక శ్రేయోభిలాషి ఫోన్ చేసిండు. "మేడమ్, మీరు లెక్చరరు. పైగ ఆడమనిషి. పైగ మనోళ్ళు. అవసరమా?" అన్నడు. ఆ రెండు 'పైగ'ల కోసమే రాస్తున్న.

సంగతేందంటే, 2025ల మన ప్రభుత్వం మైక్రోబ్రూవరీలను హైదరాబాద్ పొలిమేర దాటిచ్చింది. వరంగల్, కరీంనగర్, ఖమ్మం కార్పొరేషన్లతో పాటు మా నిజామాబాద్‌కు కూడ దరఖాస్తులు పిలిచిన్రు. మైక్రోబ్రూవరీ అంటే కంపెనీ సీసా కాదు. హోటల్లనే స్టీలు ట్యాంకులు పెట్టి, అక్కడే బీరు కాచి, అక్కడే గ్లాసుల పోసి అమ్ముడు. రాష్ట్రంల దీనికి 2015లనే నియమాలు వచ్చినయి గని, ఇన్నేళ్ళు అది జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ముచ్చట. దాని ముద్దుపేరు క్రాఫ్ట్ బీరు. మా ఊరికి వచ్చేదేందో ముందుగాల నాలుక మీద పెట్టి చూద్దామని, సెలవులల్ల హైదరాబాద్ పోయినప్పుడు పీహెచ్‌డీ నాటి దోస్తులతో ఒక దాంట్లకు పోయిన. వెయిటర్ పిలగాడు వాళ్ళకు బీరు మెనూ ఇచ్చి, నా ముందట మాక్‌టెయిల్ కార్డు పెట్టిండు. కార్డు మార్చుకున్న.

ఒక చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు తెచ్చిన్రు. మొదటిది జర్మనీ తీరు గోధుమ బీరు, హెఫెవైజెన్ అంటరు. వడకట్టరు కాబట్టి మబ్బు మబ్బుగ ఉంటది. ముక్కు దగ్గర పెట్టంగనే మక్కిన అరటిపండు, ఎనకనే లవంగం. అండ్ల అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ రెండు వాసనలూ పులిసేటప్పుడు ఈస్టు పుట్టిచ్చినయి. నాలుగిట్ల ఇదే మంచిగున్నది. రెండోది బెల్జియం తీరుది, ధనియాలు, నారింజ తొక్క వేస్తరు. ధనియాలు చెయ్యి జారి పడ్డట్టున్నయి, చారు గుర్తొచ్చింది. మూడోది ఐపీఏ. హాప్స్ అనే తీగ పువ్వు చేదు. మా దోస్తు మొఖం అష్టవంకరలు పోయింది గని, ఉగాది పచ్చడి తాగినోళ్ళకు వేపపువ్వు చేదు భయం కాదు. దాని పూర్తి పేరు ఇండియా పేల్ ఏల్. ఇంగ్లండు నుంచి ఓడలల్ల ఇక్కడున్న తెల్ల దొరల కోసం వచ్చిన బీరు. తొందరగ ఖరాబు కాకుండ హాప్స్ ఎక్కువ వేసేటోళ్ళు. పేరుల ఇండియా ఉన్నది, మనం లేము. నాలుగోది స్టౌట్, నల్లగ ఉన్నది. బార్లీని మాడ్చి వేస్తరు. మాడిన జొన్నరొట్టె అంచు కొరికినట్టున్నది. ఇష్టపడ్డ గని గ్లాసు మొత్తం తాగలేకపోయిన.

పక్క టేబుల్ మీద ఒకాయన గ్లాసు తిప్పుకుంట, వాసన పీల్చుకుంట, ఫోన్ల ఏందో రాసుకుంటున్నడు. ఆయనను రుచి తెలిసిన మనిషి అంటరు. అదే గ్లాసు మా వాడల ఒకరి చేతిల ఉంటే తాగుబోతు అంటరు.

నిజానికి రుచికి మాటలు నేను నేర్చుకున్నది అవ్వ దగ్గర. మాది బోధన్ దిక్కు, చెరుకు పల్లె. అవ్వ చెరుకు కొట్టబోయేది. సాయంత్రం కల్లు దుకాణం కాడ ఒక గుక్క నోట్లె పోసుకొని, ఇది పొద్దుగాల గీసింది, ఇది నిన్నటి లొట్టి అడుగుది, ఇది ఈతది గాదు తాటిది అని చెప్పేది. తాటిల మళ్ళ పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు. కాలం మారితే చెట్టు మారుతది, చెట్టు మారితే వగరు మారుతది. బెల్జియంల లాంబిక్ అని ఒక బీరు ఉన్నది. ఈస్టు కలపరు, గాలిల ఉన్నదే వచ్చి పులియబెడుతది. దానికి వందల రూపాయలు, పుస్తకాలు, సభలు. మా ఈతకల్లు పులిసేది కూడ అట్లనే కదా! దాన్ని మాత్రం నాటు అంటరు.

నేను తెలుగు సాహిత్యంల డాక్టరేటు చేసినదాన్ని, ఒక్క ముచ్చట చెప్పకుండ ఉండలేను. కావ్యానికి అష్టాదశ వర్ణనలు కావాలంటరు. పట్టణం, సముద్రం, చంద్రోదయం, జలక్రీడ, అండ్ల మధుపానం ఒకటి. నాయకుడు తాగితే అది వర్ణన, పరీక్షల ఐదు మార్కుల ప్రశ్న. ఇన్నేండ్ల నుంచి ఆ జాబితా క్లాసుల చదివిపిస్తున్న. కల్లు రుచి చెప్పిన కూలి మనిషి ఆ పద్దెనిమిదిట్ల ఎక్కడ ఉన్నదని మొన్న ఒక అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు, అందరినీ రాసుకొని రమ్మన్న.

కల్లు దుకాణాన్ని స్వర్గం అనుకోకున్రి. మా అమ్మమ్మ కాలంల మాల మాదిగలు ముంత ముట్టొద్దు. దూరం కూసోవాలె. తాటాకు మడిచి రేక చేసి రెండు చేతులల్ల పట్టుకుంటే, పైకెల్లి పోసేటోళ్ళు. చాయ్ హోటళ్ళ రెండు గ్లాసుల పద్ధతి గురించి చానమంది రాసిన్రు, రేక గురించి తక్కువ రాసిన్రు. ఇప్పుడు రిసార్టులల్ల అదే రేకను పర్యావరణం పేరు మీద ముచ్చటగ పట్టుకొని ఫోటోలు దిగుతున్నరు. అమ్మమ్మ ఉంటే ఆ ఫోటో చూసి ఏమనేదో.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు మొదలువెట్టిన సారా వ్యతిరేక పోరాటం మా ఊరి దాక వచ్చింది. అవ్వ కూడ కొంగు బిగిచ్చి పోయింది. 1993 అక్టోబర్‌ల సారా బందు, 1995ల మొత్తం మద్యం బందు, 1997ల మళ్ళ తెరిచిన్రు. అవ్వ కల్లు రుచి చెప్పేది, సారా కుండ పలగ్గొట్టేది. ఈ రెండిటికి పొంతన లేదనేటోళ్ళకు నేను జవాబియ్య. కూలి పైసలు ఏ దారిన పోతున్నయో ఆమెకు తెలుసు.

మా మేనమామ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీల సీజన్ కూలి. 1937ల పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాల పెద్దది అని చెప్పుకున్నది. 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్ 23న లేఆఫ్ నోటీసు అంటించిన్రు. అదే ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌ల కల్తీ కల్లు మీద దాడులు జరిగినయి. చెట్టు కల్లు ఎన్నడో తక్కువైపోయింది. సీసాలల్ల వచ్చేది ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు. పది రూపాయలకు ఒళ్ళు నొప్పులు మర్చిపోవచ్చు. అది ఒక్కసారి ఆగంగనే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులు నిండినయి. మామ చేతులు వణికి గ్లాసు నిలువలే. మెడ ఒక పక్కకు తిరిగింది. గోడ మీద ఎవరో నిలబడ్డరని రాత్రంత మాట్లాడిండు. నాలుగు నెలల తేడాల మందు కల్లు పోయింది, ఫ్యాక్టరీ పోయింది. మామ బతికిండు గని పాత మనిషి తిరిగి రాలేదు. ఇది గీత కార్మికుల తప్పు అని ఎవరన్న అంటే ఒప్పుకోను. చెట్టెక్కి పడి నడుములిరిగినోళ్ళు వాళ్ళు. గోలీలు కలిపే వ్యాపారం వేరేటోళ్ళది. తాగమని నేను ఎవరికీ చెప్తలేను. మామకు ఆ సీసాల ఏమున్నదో ఎవరూ చెప్పలేదు, జూబ్లీహిల్స్ మెనూ మీద మాత్రం ఆల్కహాల్ ఎంత శాతమో, చేదు ఎంతనో అంకెలేసి ఉన్నది. ఆ అంకెలను నేను చాన సేపు చూసిన.

ఇగ 'లోకల్' అనే మాట. బార్లీ రాజస్థాన్, హర్యానా దిక్కుకెల్లి వస్తది. హాప్స్ ఎక్కువ భాగం విదేశాలవి. మరి లోకల్ ఏంది? నీళ్ళు, ట్యాంకులు కడిగేటోళ్ళ చేతులు. లీటరు బీరుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు పోతయి. మా బోధన్ చెరుకు 1931ల పూర్తయిన నిజాంసాగర్ మీద, అంటే మంజీర మీద బతికింది. పైన సింగూరు కట్టి మంజీర నీళ్ళు హైదరాబాద్‌కు మలిపినంక మా కాలువలల్ల ఏమైందో ఇక్కడి రైతును అడుగున్రి. కంపెనీ బీరు ఫ్యాక్టరీలు కూడ ఆ సంగారెడ్డి దిక్కే ఉన్నయి.

మా దగ్గర ఆర్మూర్, బాల్కొండ దిక్కు ఎర్రజొన్న పండుతది, విత్తనంగ ఉత్తరాదికి పోతది. దక్షిణాఫ్రికాల జొన్నతోనే బీరు కాస్తరు, ఇండ్లల్ల కాచేటోళ్ళు ఆడోళ్ళు. డర్బన్ మునిసిపాలిటీ ఆ హక్కు గుంజుకొని తనే బీరుశాలలు పెట్టి, నల్లవాళ్ళ జేబుల పైసలతోనే నల్లవాళ్ళ మీద పెత్తనం చేసింది. 1959ల కేటో మనోర్ ఆడోళ్ళు ఆ బీరుశాలల మీదికి పోయిన్రు. మన ఎక్సైజు లెక్కలు చూసినప్పుడల్ల నాకు డర్బన్ యాదికొస్తది. 2021ల మద్యం దుకాణాలల్ల గౌడ్లకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం ఇచ్చిన్రు. మంచిదే. కని దరఖాస్తుకే అప్పుడు రెండు లక్షలు, 2025ల మూడు లక్షలు, లాటరీల రాకపోతే తిరిగి రావు. సర్టిఫికెట్ ఒకరిది, సంచి ఇంకొకరిది అనే మాట ఊరూర వినిపిస్తది. రేపు నిజామాబాద్‌ల స్టీలు ట్యాంకులు వస్తే మనోళ్ళు వాటిని కడుగుతరా, కాస్తరా, ఓనర్లయితరా? కార్పొరేషన్ల అడగవలసిన ప్రశ్న ఇదే.

మా కాలేజీల చదివిన ఒక తమ్ముడు ఇప్పుడు మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నడు. ఎర్రజొన్నతో మాల్టు చేసి చూస్త అన్నడు. బీరు కాదు, దానికి లైసెన్సు కావాలె, మాల్టు దాకనే. జొన్నలు నానబెట్టి, గోనెసంచిల మొలక కట్టిచ్చి, మా డాబా మీద ఆరబోసిండు. అవ్వ వచ్చి నాలుగు గింజలు నోట్లె వేసుకొని నమిలి ఉమ్మేసింది. "తీపి వచ్చింది గని మొలకలు ఎందుకుంచినవ్ బిడ్డా? లేత జొన్న మేస్తే బర్రెనే సస్తది. ఎండినంక నలిపి, చెరిగి పారెయ్యి" అన్నది. తమ్ముడు ఫోన్ తీసి చూసుకున్నడు. జొన్న మొలకల సైనైడు పుట్టిచ్చే పదార్థం ఉంటదని అండ్ల కూడ ఉన్నది. చాట అడిగి తెచ్చుకొని చెరుగుతున్నడు.