ఆవిరి ఊరికే ఊరదు

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన వందకు పైగా కిలోమీటర్లు పోతే, మయకమస్ కొండల మడతల్లోంచి తెల్లగా లేస్తూ కనిపించేది పొగ కాదు, ఆవిరి. ఆ చోటు పేరు ‘ది గీజర్స్’. పేరు పెట్టినవాళ్లు పొరబడ్డారు. నీళ్లు పైకి చిమ్మే గీజరు అక్కడ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ నేల పగుళ్లలోంచి బుసకొట్టే ఆవిరి బిలాలే. పోమో, వాపో తెగలవాళ్లు తరతరాలుగా ఆ వేడిని వైద్యానికి వాడుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో విహారానికి వచ్చేవాళ్ల కోసం హోటలు వెలిసింది.

1960లో పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ ఇక్కడ 11 మెగావాట్ల కేంద్రం నడపడం మొదలుపెట్టింది. ఇక్కడి బావుల్లోంచి వచ్చేది నీరు కలవని పొడి ఆవిరి. దుమ్మూ రాళ్లూ వడగట్టి నేరుగా టర్బైన్‌కు పంపొచ్చు. కొన్ని కిలోమీటర్ల కింద ఇంకా చల్లారని రాతి వేడి, దానిపైన పగుళ్లుబారిన రాతిపొర, ఆ పగుళ్లలో దాదాపు 240 డిగ్రీల ఆవిరి. బొగ్గుతో పనిలేదు, బాయిలరుతో పనిలేదు.

దాంతో బావి పక్కన బావి తవ్వారు. 1980ల చివరికి సామర్థ్యం 2,000 మెగావాట్లకు చేరింది. తోడేకొద్దీ ఊరుతుందనుకున్నారు. ఊరలేదు. ఒత్తిడి పడిపోయింది, కొన్ని కేంద్రాలు మూతపడ్డాయి. పక్కచేనులో కొత్త బోరు పడగానే తన బోరు ఎండిన అనంతపురం రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఇక్కడ వేడి తరగలేదు, తరిగింది నీరు. టర్బైన్ తిప్పిన ఆవిరిలో ఎక్కువ భాగం కూలింగ్ టవర్ల మీదుగా గాలిలో కలిసిపోయింది. ఆ లోటును వాననీరు పూడ్చలేకపోయింది.

ఆదుకున్నది మురుగునీరు. 1997లో లేక్ కౌంటీ ఊళ్ల మురుగును శుద్ధిచేసి గొట్టాల్లో తెచ్చి ఆ రాతిపొరలోకి దించారు. 2003లో శాంటా రోసా నగరం కలిసింది. ఆ నీరు అరవై కిలోమీటర్లకు పైగా సాగి, కొండెక్కి, రోజుకు 4 కోట్ల లీటర్ల చొప్పున భూగర్భానికి చేరుతుంది. నదిలోకి ఎలా వదలాలా అని నగరం తలపట్టుకున్న నీరది! ఈ ప్రాంతంలో నా మనసు దోచింది టర్బైన్లు కాదు, ఈ గొట్టమే.

దీనికీ మూల్యం ఉంది. చల్లటి నీరు తగిలి వేడిరాయి పగులుతుంది, నేల కంపిస్తుంది. ఏటా వేల ప్రకంపనలు. చాలావరకు యంత్రాలకే తెలుస్తాయి. కానీ పక్కనున్న ఆండర్సన్ స్ప్రింగ్స్‌లో ఇళ్లు అదురుతాయి. చిన్నవేలెమ్మని వాళ్ల గోడు కొట్టిపారేయడం న్యాయం కాదు. 2015లో వ్యాలీ కార్చిచ్చు ఆ ఊరినీ, మిడిల్‌టౌన్‌నూ కాల్చేసింది; కేంద్రాల కూలింగ్ టవర్లకూ అంటుకుంది. మళ్లీ కట్టుకున్నారు. అరవై ఏళ్లు దాటినా ఈ కొండలు ఏడు వందల మెగావాట్ల దరిదాపుల్లో కరెంటు ఇస్తూనే ఉన్నాయి.

మన మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ వేడినీటి బోరుతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది. అది రేపు పెద్దదైతే, తోడిన నీటిని తిరిగి నేలలోకి పంపే ఏర్పాటు మొదటి రోజునుంచే ఉండాలి. అక్కడి ఇంజనీర్లకు నా విన్నపం ఇదే.