చేట బేరము

గత సంవత్సరము మా పాఠశాలలోని హస్తకళా ప్రదర్శనమునకు వలయు వస్తువులు కొనుటకై మేము కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని జంగారెడ్డిగూడెము బజారునకు పోయితిమి. ఈ యూరు మైదానమునకును మన్యమునకును నడుమనున్నది. బుట్టాయగూడెము వైపు కొండపల్లెల వారు బజారు పనిమీద వచ్చునది యిచ్చటికే.

ఒక వృద్ధురాలు గోనెపట్టాపై వెదురు చేటలు, గంపలు, జల్లెడలు పరచుకొని కూర్చుండెను. చేట వెల 150 రూపాయలనెను. మేము అలవాటు చొప్పున "ఎనభైకి ఇయ్యమ్మా" అంటిమి. ఆమె కోపపడలేదు. చేటను త్రిప్పి, అంచు కట్టును వ్రేలితో చూపి, "వెదురు తెచ్చి చీరడం కాక, అల్లికే ఒక పూట పడుద్దండి బాబూ" అనెను. తుదకు 100కు దింపి, మూడు చేటలు కొని, గెలిచినవారివలె కదలితిమి.

ప్రక్క దుకాణమున రెండు ప్లాస్టిక్ బాల్చీలు కొని, వానిపై అచ్చువేసిన వెల మారుమాటాడక చెల్లించితిమి. వానిని మోయుచున్న ఎనిమిదవ తరగతి బాలిక, "వీటికి బేరమాడలేదేమండీ మాష్టారూ?" అని యడిగెను. వెల అచ్చువేసియున్నది గదా యంటిమి. "అయితే మామ్మగారు కూడా అచ్చేయించుకోవాలండీ" అనెను. తక్కిన పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

మా తల్లిగారు నరసాపురము ప్రాంతమున లేసు అల్లినవారు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు మన స్త్రీలకు నేర్పిన పని యది. ఏజెంటు దారము ఇచ్చును, అల్లినది పట్టుకొనిపోవును, కూలి యాతడు చెప్పినదే. 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించి, వారిని పనివారుగాగాక తీరికవేళ అల్లుకొను గృహిణులుగా నెంచుటవలన కూలి యెట్లు తక్కువయ్యెనో చూపెను. మా తల్లిగారికి తీరిక యుండుట మేమెన్నడు నెరుగము. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించెనని చదివి వినిపింపగా, ఆమె "అయితే కూలి పెంచుతారా?" అని మాత్రమే యడిగిరి.

మరుసటి వారము ఆ పిల్లలతోనే మరల పోయి, తగ్గించిన 150 రూపాయలు వృద్ధురాలి చేతిలో నుంచితిమి. ఆమె అనుమానముగా చూచి, "చేటల్లో తప్పేమన్నా ఉందా బాబూ?" అనెను. లేదనియు, మరియొకటి కావలెననియు చెప్పితిమి. ఆమె మమ్ము ఎగాదిగ చూచి, "నూట ఎనభై" అనెను.

ఎనిమిదవ తరగతి బాలిక మా ముఖమునే చూచుచుండెను. మేము సంచి తెరచితిమి.