కోత మిషన్ల దారిలో

విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చేవారికి హైదరాబాదు ఎల్‌బీ నగర్ దగ్గరే మొదలవుతుంది. తెల్లవారుజామున కండక్టరు “ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ దిగేవాళ్లు లేవండి” అని కేక పెట్టగానే బస్సులో సగం మంది కళ్లు నులుముకుంటూ పచ్చడి జాడీలూ, బియ్యం సంచులూ సర్దుకుంటారు. పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్ అయినా అలా పిలిచే తీరిక యెవరికీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ కథ మరొకటి. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి తన పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మితే, ఆయన పేరే పేటకు నిలిచిపోయిందంటారు. ఇప్పుడక్కడ పొలం గట్టు కాదుగదా, కాలు మోపే చోటు కూడా గగనమే. సాయిబాబా గుడీ, కోచింగు సెంటర్లూ, చీరల కొట్లూ, వాటి నడుమ జనం.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో రైలు వచ్చాక యీ రెండు పేటల మధ్య ప్రయాణం నిమిషాల్లోకి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ దాటితే చైతన్యపురి, ఆ తరువాత విక్టోరియా మెమోరియల్, ఆ పైన ఎల్‌బీ నగర్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో విక్టోరియా రాణి పేర వెలసిన అనాథ బాలల గృహం వల్ల ఆ మధ్య స్టేషనుకు ఆ పేరు వచ్చింది. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఆ రోజుల్లో మామిడిపండ్ల కాలంలో దారిపొడుగునా వచ్చే వాసన ఇప్పుడు లేదు. కాని రైలు దిగి పక్క వీధుల్లోకి నడిస్తే మరో వాసన తగులుతుంది. అది టేకు పొట్టు వాసన. దాని వెంట రంపం రొద కూడా వినిపిస్తుంది.

ఇళ్లు లేచే చోట తలుపులు కావాలి, తలుపులు కావలసిన చోట కలప కావాలి. వనస్థలిపురం, హస్తినాపురం, కర్మన్‌ఘాట్, నాగోలు వైపు అపార్టుమెంట్లు లేచిన కొద్దీ టింబర్ డిపోలూ, వడ్రంగి కార్ఖానాలూ వెలిశాయి. డిపో గుమాస్తాను అడిగితే బల్లార్షా టేకు, నిర్మల్ టేకు, గానా టేకు అంటూ పెళ్లి సంబంధాల వారిలాగా వంశవృక్షాలు చదువుతాడు. మా మేనకోడలి కొత్త ఇంటికి సింహద్వారం చేయించే పని మీద నేనీ వీధుల్లో నాలుగైదు సార్లు తిరగవలసి వచ్చింది. తలుపు మాట అలా వుంచి, నా కళ్లు పడింది ఆ కార్ఖానాలన్నిటి నడుమా వుండే కోత మిషను మీద.

అది చూడడానికి మహా సాదా వస్తువు. ఒక ఇనుప బల్ల, బల్ల మధ్య సన్నని చీలిక, ఆ చీలికలోంచి పైకి సగం కనిపించే గుండ్రని రంపం. పక్కనే చెక్క ఆనించి తోయడానికి ఒక ఇనుప పట్టీ వుంటుంది, దానిని గైడు అంటారు. చాలా చోట్ల దీనిని చిత్రిక పట్టే మిషనుకే జతచేసి పెడతారు. ఒకే మోటారు మీద అటు చిత్రికా, ఇటు కోతా సాగుతాయి. మా చిన్నతనంలో ఇద్దరు వడ్రంగులు, ఒకడు పైనా ఒకడు కిందా నిలబడి, పెద్దరంపంతో పూటంతా కోసే దుంగను యీ మిషను కాఫీ తాగి వచ్చేలోగా పలకలు చేసి పెడుతుంది.

ఆ వేగంలోనే వుంది ప్రమాదమంతా. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 2,880 చుట్లు తిరుగుతుందనుకోండి. లెక్క వేస్తే దాని పళ్లు గంటకు సుమారు 138 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు తేలుతుంది. విజయవాడ రోడ్డు మీద ఆ వేగంతో వచ్చే కారుకు యెవరైనా చెయ్యి అడ్డం పెడతారా? ఇక్కడ మాత్రం జానెడు దూరంలో చెయ్యి పెట్టుకుని బీడీ కాలుస్తూ మాట్లాడుతూ వుంటారు.

చైతన్యపురి దాటాక ఒక కార్ఖానాలో ఆ పెద్దాయన తటస్థపడ్డాడు. అరవై దాటిన మనిషి. యెడమచేతి చూపుడువేలు సగమే వుంది, మధ్యవేలు గోరు దాకా పోయింది. నేను మిషనుకు యెదురుగా నిలబడి చూస్తూంటే చెయ్యి వూపి పక్కకు జరగమన్నాడు.

“ముందల నిలవడొద్దు సారూ. చెక్క తన్నిందంటె సక్కగ మీ కడుపులకే వస్తది. ఎవలన్న ఎదురుంగ నిలవడితె నేను కోత వెట్ట” అన్నాడు.

చెక్క తన్నడమేమిటని చదువరులకు సందేహం రావచ్చు. యీ మిషనులో బ్లేడు ముందు పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకేసి నొక్కుతాయి. వెనక పళ్లు పైకి లేస్తూ వుంటాయి. కోత పడిన చెక్క ఆ వెనక పళ్లకు తగులుకుందా, అవి దానిని యెత్తి కోసే మనిషి మీదికే విసురుతాయి. పచ్చి వదలని కలప, లోపల మెలి వున్న కలప కోస్తూంటేనే మూసుకుపోయి బ్లేడును నొక్కిపట్టుకుంటుంది. గైడు వంకరగా వుండి వెనక వైపు బ్లేడుకు దగ్గరైతే మధ్యన చెక్క ఇరుక్కుంటుంది. ఆ తన్ను రెప్పపాటులో వస్తుంది. చెక్క పొట్టకు తగలడం ఒక యెత్తు. అంతకన్న ఘోరమేమంటే, చేతి కింది చెక్క మాయమయ్యేసరికి దానిని తోస్తున్న చెయ్యి అదే వూపున బ్లేడు మీదికి పోతుంది.

దీనికి విరుగుడు యెప్పుడో కనిపెట్టారు. బ్లేడు వెనకనే, దాని వరుసలోనే, ఒక సన్నని ఉక్కు పలక నిలబెడతారు. కోత పడిన చెక్క మళ్లీ మూసుకోకుండా అది అడ్డు నిలుస్తుంది, చెక్కను వెనక పళ్లకు తగలనివ్వదు. బ్లేడు పైన ఒక తొడుగు వుంటుంది. ఇంగ్లండులో 1922లోనే కొయ్యపని యంత్రాలకు ప్రత్యేక నిబంధనలు చేశారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె వుండి తీరాలన్నది. అయితే కరెంటుతో పనిచేసే చోట కనీసం పదిమంది పనివారు లేకపోతే ఆ చట్టం లెక్కలో అది ఫ్యాక్టరీయే అయ్యేది కాదు. మన వీధి కార్ఖానాల్లో యజమానితో కలిపి నలుగురో అయిదుగురో వుంటారు. చట్టం వారి గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూడకుండా వెళ్లిపోయేది.

నేను చూసిన ఏడెనిమిది కార్ఖానాల్లో వెనక పలక ఒక్క చోట వుంది. తొడుగులు రెండు చోట్ల వున్నాయి. అందులో ఒకటి మేకుకు వేలాడుతోంది, దాని మీద మేస్త్రి చొక్కా ఆరవేశాడు.

పెద్దాయన కార్ఖానాలో మాత్రం పలక వుంది, వేలు పోయిన తరువాత పెట్టించినది. ఆ కథ చెప్పమంటే మొదట నవ్వి వూరుకున్నాడు. టీ వచ్చాక తనంతట తానే అందుకున్నాడు.

“గృహప్రవేశం ముహూర్తమని ఇంటోళ్లు వచ్చి నెత్తిమీద కూసున్నరు సారూ. ఇంకెంతసేపు మేస్త్రీ, ఇంకెంతసేపు మేస్త్రీ అనుడు. ఆఖరి పట్టీ అది, రెండేళ్ల ఎడల్పు. కట్టెతోని తోయాల్సింది, ఆ తొందర్ల చేతితోనే తోసిన. తన్నింది. నొప్పి గూడ ఎరుక గాలె. నెత్తురు సూసినంక ఎరుకైంది.”

కట్టె అంటే తోపుడు కర్ర. మూరెడు పొడుగున్న చెక్కముక్కకు కొసన చిన్న గాడి పెడితే అయిపోతుంది. కానీ ఖర్చు లేదు. బ్లేడుకు ఆరంగుళాల లోపలికి చెయ్యి పోవలసి వస్తే, చేతికి బదులు ఆ కర్ర పోవాలి. పోయినా అది కర్రే గనుక ఇంకొకటి చేసుకోవచ్చు. ఆయన మిషను పక్కన ఇప్పుడు అలాటివి నాలుగు దారంతో కట్టి వున్నాయి. ఒకటి పళ్లు గీసుకుని కురచబడి వుంది.

తెగిన వేలు యేమయిందని అడిగాను. “మా తమ్ముడు దాన్ని ఐసు గిలాసల ఏసి తెచ్చిండు. దవఖానల డాక్టరు సూసి, ఐసు తగిలి పాడైంది, అతకదన్నడు.”

యీ సంగతి ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసినది. తెగిన వేలును మంచుగడ్డలో నేరుగా వేయకూడదు. మంచినీళ్లతో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి. ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీళ్లలో వుంచాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకి యెత్తి వుంచాలి. 108కి ఫోను చేసి, వేళ్లు అతికే శస్త్రచికిత్స జరిగే ఆస్పత్రికి యెంత త్వరగా చేరితే అంత మంచిది. పసుపూ, కాఫీపొడీ అద్దడం మన వాళ్లకు అలవాటు. అవి పోపులపెట్టెలోనే వుండనివ్వండి.

ఆయన దగ్గర మేనల్లుడు పని నేర్చుకుంటున్నాడు. ఇరవై నిండని కుర్రవాడు, రెండేళ్లయినా స్విచ్చి ముట్టనివ్వలేదట. కోసేటప్పుడు అవతలి వైపున చెక్క కింద చెయ్యి ఆనించి పట్టుకోవడమే అతని పని. “గుంజొద్దు రా, పట్టుకొనుడే!” అని గంటలో పదిసార్లన్నా వినబడింది. అవతలివాడు లాగితే కోత పక్కకు పోయి బ్లేడు బిగుసుకుంటుంది మరి. కుర్రవాడికి చేతికి దారం లేదు, ఉంగరం లేదు, పొడుగు చేతుల చొక్కా లేదు. చేతికి తొడుగులు వేసుకుంటే క్షేమం గదా అని నేనంటే, ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా వూపారు. తొడుగు కొస బ్లేడు పంటికి చిక్కితే చేతిని కూడా లోపలికి లాక్కుంటుంది. భుజం మీద తువ్వాలుకీ, ఆడవారి గాజులకీ, పైటకీ ఇదే మాట. కళ్లకు మాత్రం అద్దాలు వుండాలి. ముక్కుకు గుడ్డ వుండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కొయ్యపొడిని క్యాన్సరు తెచ్చేవాటిలో చేర్చింది.

బ్లేడు చెక్క మందం కన్న కొంచెం మాత్రమే పైకి వుండేలా ఆయన ప్రతి కోతకూ బల్ల సవరిస్తాడు. ముప్పాతిక అంగుళం చెక్కకు మూడంగుళాల బ్లేడు పైకి తేల్చి కోసేవారిని ఆ వీధిలోనే చూశాను. పాత ఇళ్లు పడగొట్టిన కలపైతే ముందు మేకులు వెదికి పీకుతాడు. స్విచ్చి కట్టాక కూడా బ్లేడు కొంతసేపు చప్పుడు లేకుండా తిరుగుతూనే వుంటుంది. పక్క మిషను రొదలో అది ఆగిందనుకుని పొట్టు తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు వున్నారు. అన్నట్టు, కరెంటు పోవడమనే సదుపాయం మనకుంది గదా. కోత మధ్యలో పోయి, స్విచ్చి వేసినట్టే వుండిపోతే, కరెంటు రాగానే మిషను తానే లేస్తుంది. పచ్చ బొత్తం, ఎర్ర బొత్తం వున్న స్టార్టరు పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు అదే ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే తప్ప తిరగదు. మామూలు మెయిన్ స్విచ్చికి ఆ తెలివి లేదు.

అమెరికాలో యీ బల్ల రంపాల వల్ల యేటా 30,000 మందికి పైగా అత్యవసర చికిత్సకు పోతారని అక్కడి ప్రభుత్వ అంచనా. స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో ఒక యుక్తి కనిపెట్టాడు. బ్లేడులో సన్నని విద్యుత్తు సంకేతం పారుతూ వుంటుంది. చర్మం తగలగానే ఆ సంకేతం మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ బ్లేడు పళ్లలోకి దూసుకుపోయి, సెకనులో రెండువందలో వంతులో దానిని ఆపేస్తుంది. వేలికి గీత పడుతుందంతే. బ్లేడూ, దిమ్మా మాత్రం పనికిరాకుండా పోతాయి. ఇది చెబితే పెద్దాయన శ్రద్ధగా విని ధర అడిగాడు. చెప్పాను. “అంత పైకముంటె నేను మిషనెందుకు నడుపుత సారూ” అన్నాడు.

కార్ఖానా సంగతి ఇలా వుండగా, నన్ను ఎక్కువ భయపెట్టింది మా మేనకోడలి ఇంట్లోనే కనబడింది. అలమరలు చేయడానికి వచ్చిన కుర్రవాళ్లు హాలులో పనిచేస్తున్నారు. పాలరాయి కోసే చేతిమిషనుకు కొయ్య బ్లేడు తగిలించారు. దానిని తలకిందులు చేసి ప్లైవుడ్ చెక్క కింద బిగించి, చెక్కకు చీలిక పెట్టి బ్లేడు పైకి తేల్చారు. నడుముకు ఆసరాగా రెండు స్టూళ్లు. అదే వారి కోత మిషను! పైన తొడుగు లేదు, వెనక పలక లేదు, స్విచ్చి బల్ల కిందెక్కడో వుంది. నాలుగంగుళాల బ్లేడే అయినా నిమిషానికి 12,000 చుట్లకు తక్కువ తిరగదు, అంటే పళ్ల వేగం గంటకు సుమారు 230 కిలోమీటర్లు. మేనకోడలి నాలుగేళ్ల పిల్లవాడు గుమ్మంలో కూర్చుని ఆ పొట్టు వానను చూసి చప్పట్లు కొడుతున్నాడు.

మేనకోడలు గట్టి పిల్ల. అక్కడికక్కడే ప్లగ్గు పీకి చేత పట్టుకుంది. “తమ్ముడూ, నా అలమర నెలాఖరుకు కాకపోతే వచ్చే నెలకవుతుంది. ఇది మాత్రం నా ఇంట్లో వద్దు” అన్నది. కుర్రవాడు మొదట గొణిగాడు, రోజుకూలీ లెక్క చెప్పాడు. ఆ రోజు కూలి యెలాగూ ఇస్తానన్నాక దారికి వచ్చాడు. ప్లైవుడ్ అమ్మే పెద్ద కొట్లలో షీటును కొలతలకు కోసిచ్చే పెద్ద మిషన్లు వుంటాయి. జారే బల్ల, బ్లేడు పైన తొడుగు, వెనక పలక, అన్నీ వున్నవి. కోతకు ఇంత అని తీసుకుంటారు. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని అలమర కొలతలన్నీ కాగితం మీద వేశారు. మరునాడు ఎల్‌బీ నగర్ నుంచి ట్రాలీ ఆటోలో ముక్కలు వచ్చాయి, ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో నంబరు వేసి. కుర్రవాళ్లు స్క్రూలు బిగించుకుంటూ పాటలు పెట్టుకున్నారు. పిల్లవాడు మాత్రం పొట్టు వాన యేదని రోజంతా పేచీ పెట్టాడు.