లాంచీ ఆగిన చోట పాపికొండలు

గోదారి మీద లాంచీ షికారు అనగానే సినిమా ప్రియులకి రెండు బొమ్మలు గుర్తొస్తాయి. పెద్దవాళ్ళకి బాపు ‘అందాల రాముడు’ (1973), కుర్రకారుకి శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006). రెండింటిలోనూ అసలు హీరోయిన్ లాంచీయే అంటే లత గారూ, కమలినీ ముఖర్జీ గారూ నొచ్చుకోరనుకుంటాను! ఆ మోజుతోనే క్రిందటి శీతాకాలం నేనూ పాపికొండలకి బయల్దేరాను.

అయితే ఆ సినిమాల్లోలా రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కి తిన్నగా భద్రాచలం పోదామంటే కుదరదు. మధ్యలో పోలవరం ప్రాజెక్టు. 2021లో గోదారిని స్పిల్‌వే వైపు మళ్ళించేశారు. అంచేత బస్సులో గండిపోచమ్మ గుడిదాకా వెళ్ళి, అక్కడ లాంచీ ఎక్కాం. అమ్మవారికి ఓ దణ్ణం, ఒంటికి లైఫ్ జాకెట్టు, చేతిలో ఉప్మా ప్లేటు... లాంచీ కదిలింది.

కదిలిందో లేదో పై డెక్కు మీద స్పీకరు హోరు! స్టెప్పులు, ఈలలు, సెల్‌ఫోన్లు. కొండలొచ్చాయి, పోయాయి. ఎవరు చూశారు గనక?

పాపికొండలు ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను గొంతు మారింది. సరంగు ఓ నిమిషం చెవొగ్గి విన్నాడు. లాంచీని ఒడ్డువారగా ఇసుక మేట దగ్గరికి తిప్పి, తాడు కట్టించి, ఇంజను ఆపేశాడు. పాటా ఆగింది. ఇక సణుగుడు మొదలు. ‘‘మెల్లిగా పోనివ్వవయ్యా, భోజనాల వేళవుతోంది!’’

కిందికి దిగి చూశాను. మా లాంచీ ఇంజను గోదారి నీటినే పంపుతో లాక్కుని వేడి తగ్గించుకుంటుంది. ఆ నీరొచ్చే జల్లెడకి నాచుతోపాటు చిప్సు కవర్లు అడ్డం పడ్డాయి. పంపుని తిప్పే రబ్బరు బెల్టు అంచు చీలి వేలాడుతోంది. ‘‘పైనున్నోళ్ళు పడేసిన లాంటియ్యేనండి ఇయ్యి’’ అన్నాడు హెల్పరు కుర్రాడు కవర్లు పీకుతూ. పానాతో నట్లు వదులు చేసి, కొత్త బెల్టు ఎక్కించి, బొటనవేలితో నొక్కి బిగువు చూశాడు. నచ్చలేదు. మళ్ళీ విప్పాడు.

‘‘పాత బెల్టు సాయంత్రందాకా ఆగేది కాదా?’’ అని సరంగుని అడిగాను.

‘‘ఆగేదేమో బాబుగారూ. ఆగకపోతే? ఇంజను పోతే సుక్కాని ఉన్నా లేనట్టేనండి. నీరెటు లాగితే అటే. తిరిగొచ్చేటప్పుడు కచ్చులూరు దాటాలి కదండీ!’’

‘మూగమనసులు’ (1964)లో సుడిగుండం చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం, మళ్ళీ టిక్కెట్టు కొనుక్కున్నాం. కచ్చులూరు సుడులు అలాంటివి కావు. 2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో టూరిస్టు లాంచీ మునిగింది అక్కడే. దాన్ని బయటికి తీసేసరికి అక్టోబరు 22 అయింది. కాకినాడ నుంచొచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనప తాళ్ళు వేసి లాగితే గానీ రాలేదు.

రిపేరు ముప్పావుగంట పట్టింది. నన్నడిగితే ఆ రోజుకి అదే మంచి భాగం. స్టెప్పులేసిన కుర్రాళ్ళు ఇసుకలోకి దిగారు. కాసేపు ఫోన్లు నొక్కి, సిగ్నలు లేక జేబులో పెట్టేశారు. వెదురు పొదల్లో గాలి, ఎక్కడో సెలయేటి చప్పుడు, ఎదుటి కొండ మీంచి మెల్లగా జారుతున్న మంచు. ‘‘అరె, ఇంతసేపూ ఇవన్నీ ఉన్నాయా?’’ అన్నాడొకడు.

తర్వాత పాపికొండలొచ్చాయి. రాజమండ్రిలో గోదారి దాటే 1974 నాటి రైలు-రోడ్డు వంతెన రెండున్నర కిలోమీటర్లకి పైమాటే. అంత గోదారీ ఇక్కడ కొండల మధ్య నడుం సన్నం చేసుకుని ఒదిగి పోతుంది. పాపిడి తీసినట్టుంటుంది గనక ‘పాపిడి కొండలు’ అన్నారట, అదే పాపికొండలైందట. కెమేరామెన్లు ఎందుకు పడిచస్తారో అప్పుడర్థమైంది. పేరంటపల్లిలో శివాలయం, సెలయేరు చూశాం. అక్కడమ్మే వెదురు పువ్వులు బేరమాడకుండా కొనండి, వాటి వెనక బోలెడు చాకిరీ ఉంది.

తిరుగుదారిలో కచ్చులూరు దగ్గర సరంగు స్పీకరు కట్టేయమని కేకేశాడు. ఈసారి ఎవరూ సణగలేదు. అందరూ రెయిలింగు పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు. ఇంజను ఒకే గొంతుతో పోతోంది. జల్లెడలోంచి తీసిన కవర్లని హెల్పరు కుర్రాడు గోనెసంచిలో మూటగట్టి ఉంచాడు. గండిపోచమ్మ రేవులో మాకంటే ముందు దిగింది ఆ మూటే!