అణు విద్యుత్తు: భిలాయ్ నుంచి కొవ్వాడ వైపు చూస్తే

భిలాయ్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే చాలు, పెళ్ళిలో అయినా వినాయక చవితి పందిట్లో అయినా కొవ్వాడ మాట వస్తుంది. (హేతువాదికి పందిట్లో ఏం పని అని అడక్కండి, పులిహోర కోసం వెళ్తాను.) 1950ల చివర్లో ఇక్కడ ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. రణస్థలం మండలంలో మాకు ఇంకా చుట్టాలున్నారు. అక్కడి కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామని ప్రభుత్వం అంటోంది.

మా మామయ్య ఫోన్‌లో అడిగాడు, "ఏరా, అది బాంబులా పేలిపోద్దంట కదా?" పేలదు మామయ్యా. సహజ యురేనియంలో సులభంగా పగిలే రకం, అంటే యురేనియం-235, 0.7 శాతమే. ఇలాంటి రియాక్టరుకి దాన్ని 5 శాతం లోపు వరకు పెంచుతారు. బాంబుకి 90 శాతం దాకా కావాలి. న్యూట్రాను తగిలి ఆ పరమాణువు పగులుతుంది, వేడి పుడుతుంది, మరో రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి ఇంకొన్నిటిని పగలగొడతాయి. ఆ వేడితో నీళ్ళు ఆవిరై టర్బైన్ తిరుగుతుంది. బొగ్గు కేంద్రంలో జరిగేదీ ఇదే, పొయ్యి ఒక్కటే వేరు.

ఆ పొయ్యిలోనే చిక్కు ఉంది. మా బ్లాస్ట్ ఫర్నేస్‌కి గాలి ఆపేస్తే మంట ఆగుతుంది. రియాక్టర్ని ఆపినా, పగిలిన ముక్కల నుంచి కొత్తగా వేడి పుడుతూనే ఉంటుంది, ఆపిన క్షణాన పూర్తి వేడిలో 6 శాతం పైనే. దాన్ని రోజుల తరబడి చల్లార్చాలి. 2011 మార్చిలో ఫుకుషిమాలో సునామీ నీళ్ళు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి, పంపులు ఆగాయి, ఇంధనం కరిగింది. కొవ్వాడా సముద్రం ఒడ్డే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో కరెంటు ఎన్ని రోజులు లేదో అందరికీ గుర్తే. అక్కడ పెడతామంటున్న ఏపీ-1000 రకంలో కరెంటు లేకపోయినా 72 గంటలు దానంతటదే చల్లబడే ఏర్పాటు ఉందని కూడా చెప్పాలి. ఇది మంచి ఏర్పాటే.

మా ఇంజనీరు మిత్రుడొకడు "సైంటిస్టులు చెప్పాక ఇంకేం ప్రమాదం?" అంటాడు. ఇది బాబా చెప్పాడన్నట్టే ఉంది. ఇక్కడ భిలాయ్‌లో 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ గ్యాస్ పైపు దగ్గర జరిగిన ప్రమాదంలో పది మందికి పైగా పోయారు. అదీ ఇంజనీర్లు నడిపే ప్లాంటే.

అలాగని బొగ్గు పుణ్యాత్మురాలేం కాదు. కోర్బా బొగ్గు, బూడిద, పొగ మాకు కొత్త కాదు. యూనిట్‌కి ఇన్ని ప్రాణాలని లెక్క వేస్తే బొగ్గు తీసేవే చాలా ఎక్కువ. 1 కిలో యురేనియం-235 పూర్తిగా పగిలితే సుమారు 2700 టన్నుల మంచి బొగ్గుకి సమానం, కార్బన్ డయాక్సైడ్ రాదు. కానీ వాడేసిన ఇంధనంలోని ప్లుటోనియం సగానికి తగ్గడానికి 24,000 ఏళ్ళు పడుతుంది.

నన్నడిగితే పెద్ద ప్రశ్న డబ్బుది. ఈ రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలో వోగ్టల్ వద్ద ఇవే రెండు పూర్తి కావడానికి 2024 దాకా పట్టింది, ఖర్చు 30 బిలియన్ డాలర్లు దాటింది. అదే సరుకు మనకి చవగ్గా ఎలా వస్తుంది? ప్రమాదం జరిగితే సరఫరాదారు మీదకీ వెళ్ళే వీలు 2010 చట్టంలో ఉండేది. భోపాల్ చూసినవాళ్ళు పట్టుబట్టి పెట్టించిన నిబంధన అది. 2025 డిసెంబరులో తెచ్చిన కొత్త చట్టంలో దాన్ని తీసేశారు.

మత్స్యకారులు అడిగేది ఇంకా చిన్న ప్రశ్న. రియాక్టర్లో పుట్టే వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతాది సముద్రంలోకే వదిలితే చేప ఎటు పోతుంది? ఆ లెక్క తెలుగులో అచ్చేసి ప్రతి గడపకీ ఇమ్మని మా ఇంజనీరు మిత్రుడితో అన్నాను. అవి టెక్నికల్ విషయాలు, వాళ్ళకి అర్థం కావన్నాడు. గాలి వాసన చూసి వాన చెప్పేవాళ్ళకి నీటి వేడి అర్థం కాదా?